మనవరాలికి గోరుముద్దలు పెట్టవచ్చా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. లారీ డ్రైవరుగా పనిచేసిన మావారు 2003లో చనిపోయారు; నాకూ హెచ్‌ఐవి ఉన్నట్లు అప్పుడే తెలిసింది. మహా అయితే రెండేళ్లు బతుకుతానన్నారు. 2006 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్‌ఐవిని అదుపులో ఉంచే మందుల చికిత్స) కేంద్రంలో ఇచ్చే మందులు మానకుండా వాడుతున్నాను. ఇప్పుడు షుగరు, మోకాళ్ల నొప్పులు, అరికాళ్ల మంటలు మొదలయ్యాయి. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి, మూడేళ్ల పాపను చూసుకుంటూ తమ దగ్గరే ఉండమంటున్నాడు. నా సంగతి వాడికి తెలుసు, కోడలికి తెలియదు. పోయిన సంక్రాంతికి పాప ఒళ్లో కూర్చుని అన్నం పెట్టమంటే, చేత్తో పెట్టడానికి జంకి చెంచా వెతుక్కున్నాను. జబ్బు తిరగబెడుతోందా? ఈ వయసులో ఇంకా ఆశ పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ చెంచా సంగతి. చేత్తో అన్నం కలిపి పెట్టినా, ముద్దు పెట్టుకున్నా, పాపను పక్కలో పడుకోబెట్టుకున్నా హెచ్‌ఐవి సోకదు. మందు సక్రమంగా వాడి, రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించని స్థితికి చేరినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా కూడా అది సోకదని పెద్ద అధ్యయనాలు తేల్చాయి. ఇక గోరుముద్ద ఏపాటిది?

రెండేళ్లే అన్నవారు ఆనాటి లెక్క ప్రకారమే చెప్పారు. మన దేశంలో ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. మీవారు అంతకు ముందే వెళ్లిపోయారు. మీ ఈడు స్త్రీలలో నేను తరచు చూసే ఇబ్బంది ఒకటుంది: చావుకు సిద్ధపడి కూర్చున్నవారు తమకూ ముసలితనం వస్తుందని ఎన్నడూ అనుకోలేదు, అందుకే ఇరుగింటావిడకు వచ్చే మోకాళ్ల నొప్పే తమకు వచ్చినా అది ఆ జబ్బేనని హడలిపోతారు. జబ్బు అదుపులో ఉందో లేదో మోకాళ్లు చెప్పవు, ఏడాదికోసారి చేసే వైరల్ లోడ్ పరీక్ష చెబుతుంది. ఆ కాగితం అడిగి చూడండి.

అరికాళ్ల మంటలకు మాత్రం పాత కథ ఉండవచ్చు. ఆ రోజుల్లో చాలామందికి ఇచ్చిన స్టావుడిన్ అనే మందు వల్ల బుగ్గలు లోపలికి పోవడం, పాదాలు మొద్దుబారి మండడం జరిగేది. మందు మార్చాక కూడా కొందరిలో నరాలకు తగిలిన దెబ్బ మిగిలిపోయింది. షుగరు వల్లా ఇవే మంటలు వస్తాయి గనుక, ఏది కారణమో పరీక్షించి చూడాలి. ఇప్పుడు మీరు వాడుతున్నది రోజుకొకటి వేసుకునే మాత్రే అయితే అందులో సాధారణంగా టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు ఉంటాయి. టెనోఫోవిర్ వల్ల కొందరిలో మూత్రపిండాలకు, ఎముకలకు ఇబ్బంది కలుగుతుంది కాబట్టి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష తప్పించుకోవద్దు. మోకాళ్లకని కాల్షియం మాత్రలు వాడుతుంటే, అవి డోలుటెగ్రావిర్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఐరన్ మాత్రలూ, గ్యాస్‌కు తాగే యాంటాసిడ్లూ అంతే. కాల్షియం ఉదయం టిఫినుతోనూ, ఏఆర్‌టీ మాత్ర రాత్రి పడుకోబోయే ముందూ వేసుకుంటే ఈ చిక్కు తీరిపోతుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఇస్తున్న డాక్టరుకు డోలుటెగ్రావిర్ సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే రెండూ కలిసినప్పుడు మెట్‌ఫార్మిన్ మోతాదు హద్దులో ఉంచవలసి వస్తుంది. సిగ్గుపడి ఇక్కడ దాచేవారే ఎక్కువ. హెచ్‌ఐవి ఉన్న స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు మిగతావారి కంటే సుమారు ఆరు రెట్లు ఎక్కువ. ముట్లుడిగి ఎన్నేళ్లయినా ఆ క్యాన్సర్ పరీక్ష చేయించుకోండి.

ఆశ అంటారా, మందు మానకుండా వాడేవారి ఆయుష్షు మిగతావారి ఆయుష్షుకు దగ్గరగానే ఉంటోంది. మీరు లెక్క వేసుకోవలసింది పాప పెళ్లీడుకు వచ్చేదాకా.

కోడలి విషయానికి వస్తే, 2017లో చేసిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఈ సంగతి చెప్పమని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టకూడదు. కలిసి ఉంటున్న ఇంట్లోంచి ఈ కారణంతో మిమ్మల్ని వెళ్లగొట్టకుండా ఆ చట్టమే రక్షణ ఇస్తుంది. అయినా చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. సీసా మీది కాగితం చింపి, మాత్రలు పొట్లం కట్టి కందిపప్పు డబ్బాలో దాచుకునేవారిని చూశాను. చెమ్మ తగిలితే మాత్ర పాడవుతుంది, ఎవరైనా వంటింట్లో ఉంటే ఆ పూట మాత్రే తప్పిపోతుంది. అబ్బాయితో ముందు మాట్లాడి, మీరు ఒప్పుకుంటే ఏఆర్‌టీ కేంద్రం కౌన్సెలర్ సమక్షంలో, వైరల్ లోడ్ కాగితం చేతిలో పెట్టుకుని చెప్పండి. వినగానే ఆ అమ్మాయి బెదిరితే నొచ్చుకోకండి. మీరు ఇరవై ఏళ్లలో తెలుసుకున్నది ఆమెకు ఒక పూటలో ఎక్కదు.

ఇల్లు ఖాళీ చేసి ఒకేసారి వెళ్లిపోకుండా, మందులు సరిపడా తీసుకుని మొదట ఒక నెల ఉండి చూడండి. నచ్చితే మీ కేంద్రంలో అడిగి హైదరాబాదులోని ఏఆర్‌టీ కేంద్రానికి బదిలీ రాయించుకోవచ్చు. పింఛను వస్తుంటే, ఊరు మారాక దాని సంగతి ఏమవుతుందో మీ ఊరి సచివాలయంలో ముందే కనుక్కోండి. మీ చేతి ఖర్చుకు అబ్బాయిని అడిగే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఏ సందేహం వచ్చినా ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, పేరు చెప్పనక్కరలేదు.