మండపీతల పనిలోకి దిగుతున్న అల్లుడికి

తడ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తిరుపతిలో బండి అమ్మేసి భీములవారిపాళెంలో పడవ కొంటానని, ముందుగా నూరు పీతబుట్టలకు ఆర్డరు ఇచ్చేస్తున్నానని రాశావు. ఆ ఆర్డరు ఆపు. ఇద్దరు మనుషులు ఒక పోటు మీద సరిగ్గా చూసుకోగలిగేవి ముప్పై బుట్టలు, పని చెయ్యి పట్టాక నలభై. మిగతా అరవై నీళ్లలో ఉండి పీతల్ని చంపుతాయి, నీకు మాత్రం పైసా తేవు. ఎందుకో కింద రాస్తాను.

ముందు నువ్వు అమ్మబోయేది ఏమిటో తెలుసుకో. మీ చిత్తూరు వైపు పొలం గట్టున దొరికే ఎండ్రకాయ వేరు, ఇది వేరు. పులికాట్ సరస్సులో డబ్బు తెచ్చేది మండపీత. అందులో రెండు రకాలున్నాయి. పెద్దదానికి కాళ్ల మీద, కరిచే ముందు డెక్కల మీద గళ్లగళ్లుగా చారలుంటాయి. డెక్క మణికట్టు బయటి పక్క రెండు ముళ్లు చేతికి గుచ్చుకునేంత స్పష్టంగా ఉంటాయి. ఇది కిలో దాటి పెరుగుతుంది. రెండోది ఎరుపు తిరిగిన డెక్కలది. దీని మణికట్టు ముళ్లు మొద్దుబారి ఉంటాయి, ఒక్కోసారి ఒకటే ఉంటుంది. పెద్దయినా మొదటిదంత పెరగదు. సముద్రంలో వలకు పడే నీలి పీత, వీపు మీద మూడు చుక్కలుండే పీత ఇంకో దారి. అవి గట్టుకు వచ్చిన కాసేపటికే చస్తాయి కాబట్టి ఐసులో పెట్టి అమ్ముతారు. మండపీతకు ధర పలికేది ప్రాణంతో ఉంటేనే. రెండు డెక్కలూ ఉండాలి, డిప్ప గట్టిగా ఉండాలి, లోపల కండ నిండి ఉండాలి. ఒక డెక్క ఊడినా చెన్నై ఎగుమతిదారుడు పక్కకు తోసేస్తాడు. నేను చెప్పే మిగతావన్నీ ఈ ఒక్క సంగతి కోసమే.

బుట్టల సంగతి. నీ పనికి రెండు రకాల సామాను చాలు. ఒకటి రింగు. ఆరు మిల్లీమీటర్ల ఇనప చువ్వను అరవై సెంటీమీటర్ల అడ్డకొలతతో గుండ్రంగా వంచి, దానికి నలభై యాభై మిల్లీమీటర్ల కన్ను ఉన్న వలను కాస్త వదులుగా కట్టాలి. మధ్యలో ఎర, అంచున మూడు చోట్ల తాళ్లు, ఆ మూడూ కలిసే చోట ఒక్క తాడు, పైన తేలే బెండు. రింగుకు గోడలుండవు. పీత తింటున్నంతసేపే అందులో ఉంటుంది. అందుకే ఇరవై నిమిషాలకోసారి చూడాలి. ఎత్తేటప్పుడు తాడు బిగిసే దాకా మెల్లగా లాగు. బిగిసిందని చేతికి తెలిసిన క్షణం ఆగకుండా, రెండు చేతులూ మార్చి మార్చి ఒక్క ఊపున పైకి తెచ్చేయాలి. మధ్యలో ఒక్కసారి ఆగావా, వల సాగిలపడుతుంది, పీత అంచు దాటేస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువ పోగొట్టుకునేది ఇక్కడే.

రెండోది మడత బుట్ట. చువ్వల చట్రానికి వల చుట్టి, రెండు పక్కలా లోపలికి సన్నబడే దారులు పెడతారు. వచ్చే దారి వెడల్పు, పోయే దారి ఇరుకు, కాబట్టి రాత్రంతా ఉంచవచ్చు. కొనేటప్పుడు మూడు చూడు. లోపలి దారుల కొసలు ఎదురెదురుగా బిగువుగా ఉన్నాయా, వదులుగా వేలాడుతున్నాయా? వేలాడితే పీత దారి కనిపెట్టదు. ఎర సంచి బుట్ట మధ్యలో వేలాడుతోందా? గోడకు ఆనుకుని ఉంటే పీత బయటినుంచే చీల్చుకు తింటుంది. చట్రం చువ్వ సన్నదై బుట్ట మరీ తేలిగ్గా ఉందా? ఉంటే పోటుకు కొట్టుకుపోతుంది, అడుగున బరువు కట్టాలి.

ఇప్పుడు నూరు వద్దన్న కారణం. తాడు తెగి మడత బుట్ట నీళ్లలో మిగిలిపోతే అది పని మానదు. లోపల చచ్చిన పీతే ఎర అవుతుంది, దాని కోసం ఇంకోటి వస్తుంది, అదీ చస్తుంది. నైలాన్ వల ఏళ్ల తరబడి కుళ్లదు. అందుకని ప్రతి బుట్టకు ఒక పక్క వలను అడుగు పొడవున కోసి, మైనం, తారు ఏదీ పట్టించని మామూలు నూలు దారంతో కుట్టు. ఉప్పునీళ్లలో ఆ దారం కుళ్లి తెగుతుంది, బుట్ట తనంతట తానే తెరుచుకుంటుంది. వాడకంలో ఉన్న బుట్టకైతే నెలకోసారి దారం మార్చుకోవాలి. అమెరికా పడమటి తీరాన వాషింగ్టన్ రాష్ట్రంలో ఇది చట్టమే. నూలు దారం లేని బుట్టను నీళ్లలో దించనివ్వరు, పైగా వ్యాపారానికి మగపీతే పట్టాలి, అదీ డిప్ప ఆరుంబావు అంగుళాల వెడల్పుంటేనే. మనకు అంత గీసినట్టు రాసి లేదని సంతోషించకు. వాళ్ల పీత మిగలడానికి అదొక కారణం.

అలాగే పక్క గోడలో, అడుగుకు ఆనించి, పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు, అయిదు సెంటీమీటర్ల ఎత్తున ఒక ప్లాస్టిక్ చట్రం బిగించు. చిన్నవి అడుగున పాకుతూ పోయి అందులోంచి బయటపడతాయి. పైన పెడితే ఎవరికీ ఉపయోగం లేదు. చిన్నవి లోపల ఉండిపోతే పెద్దది వాటి కాళ్లు విరుస్తుంది, ఆ పెనుగులాటలో తన డెక్కే ఊడగొట్టుకుంటుంది. నష్టం నీదే.

తాడు నైలాన్‌ది కొను, అది మునుగుతుంది. ప్లాస్టిక్ తాడు చవక, కానీ నీటి మీద తేలి పక్క పడవ ఇంజను ఫ్యానుకు చుట్టుకుంటుంది, గొడవ నీ ఇంటికొస్తుంది. బెండు మీద పడవ నంబరు చెరగని రంగుతో రాయి.

ఎరకు చేపల తలలు, జెల్లలు, పాములాంటి మలుగు ముక్కలు. చర్మం గట్టిగా ఉన్నది నీళ్లలో ఎక్కువసేపు నిలుస్తుంది. కవళ్లు, అంటే నూనె చేపలు, వాటికి వాసన బాగా వ్యాపిస్తుంది కానీ గంటలో నుజ్జు అయిపోతాయి. అందుకని సంచిలో రెండూ కలుపు. కుళ్లిన ఎర పీతకు ఇష్టమనుకునేవాళ్లున్నారు. తాజాదానికీ, ఉప్పు పట్టించినదానికీ వచ్చినంతగా కుళ్లినదానికి రాదు.

ఎక్కడ, ఎప్పుడు? సరస్సు చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండదు. బుట్టలు నీళ్లు పారే కాలవల అంచున, పదిహేను ఇరవై మీటర్ల ఎడంతో వేయి. పోటు ఎక్కడం మొదలైనప్పుడు, ఆటు తిరిగేటప్పుడు పీత కదులుతుంది. అమావాస్య, పున్నమిల ముందూ వెనకా నీటి పారుదల బలంగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య వానలకు ఏటినీరు దిగి సరస్సు తియ్యబడుతుంది, అప్పుడు పీత సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం వైపు జరుగుతుంది. ఎండాకాలం నీరు సన్నగిలి సముద్రం కన్నా ఉప్పెక్కుతుంది, లోతున్న చోట్లే వెతకాలి.

పీత చేతికొచ్చాక అసలు పని. వెల్లకిలా తిప్పి పొట్ట కింది మూత చూడు. సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా అర్ధచంద్రంలా నల్లబడి ఉంటే ఈడొచ్చిన ఆడది, మధ్యరకం ముక్కోణమైతే ఇంకా ఈడు రానిది. ఈడు రానిదాన్ని అక్కడే వదిలెయ్. మూత కింద నారింజ రంగులోనో, పొదిగే రోజు దగ్గరపడితే బూడిద నలుపులోనో గుడ్ల ముద్ద అంటుకుని ఉంటే దాన్ని కూడా వదలాలి. ఒక్క ముద్దలో లక్షల గుడ్లుంటాయి. కడుపులోపల గుడ్డు నిండిన ఆడపీత వేరు, దానికే పై ధర. డిప్ప వెనక అంచుకూ మూతకూ మధ్య సందులో వెలుతురు పడేలా చూస్తే నారింజ రంగు కనిపిస్తుంది. ఈ రెండింటినీ ఒకటే అనుకుని మాట్లాడేవాళ్ల దగ్గర బేరం నేర్చుకోకు.

తర్వాత పొట్ట వైపు, మొదటి నడక కాలు మొదట్లో బొటనవేలితో నొక్కు. రాయిలా ఉంటే మంచి పీత. లొత్తపడితే నీళ్ల పీత. అంటే ఈమధ్యే డిప్ప మార్చింది, లోపల కండ బదులు నీళ్లున్నాయి. పున్నమికి పీత గుల్లవుతుందని మన వైపు అంటారు. క్యాలెండరు చూసి పీతను తూచకు, బొటనవేలే తూకం. నీళ్ల పీతను మంచివాటిలో కలిపి పంపితే ఒకసారి చెల్లిపోతుంది, రెండోసారి నీ బుట్ట మొత్తాన్నీ ఆ ధరకే కడతారు. దాన్ని పెంపకం చెరువువాళ్లకు విడిగా అమ్ము. మూడు నాలుగు వారాలు చేప ముక్కలు మేపితే గట్టిపడుతుంది.

కట్టడం ఇలా. పీతను నేల మీద పెట్టి వీపు మీద చెప్పు కాలితో అదిమిపట్టు, బరువంతా వేయకు. వెనక తెడ్డు కాళ్ల దగ్గర నుంచి చెయ్యి పెడితే డెక్క అందుకోలేదు. మూరన్నర తాడు తీసుకుని, నడిభాగాన్ని డెక్కల ముందు నుంచి వేసి, ఒక్కో కొసను ఒక్కో డెక్క చుట్టూ తిప్పి లోపలికి లాగు. డెక్కలు మొహానికి ఆనుకుని ముడుచుకుంటాయి. కొసలు రెండూ వీపు వెనక్కి తీసుకెళ్లి తెడ్డు కాళ్ల పైన ముడి వేయి. కళ్ల మీద తాడు పడకూడదు. తాడు సన్నగా, పొడిగా ఉండాలి. లావు తాడు తడిపి తూకం పెంచే తెలివి నీకొక్కడికే వచ్చిందనుకోకు, కొనేవాడు తీసివేత అంతకు రెట్టింపు రాస్తాడు.

కరిస్తే లాగొద్దు. లాగితే డెక్క ఊడుతుంది కానీ పట్టు వదలదు. చెయ్యి పీతతో సహా నీళ్లలో ముంచితే చాలాసార్లు అదే వదులుతుంది. గాయాన్ని మంచినీళ్లతో, సబ్బుతో కడిగి, వాపు పైకి పాకితే ఆ రోజే ఆసుపత్రికి పో. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు ఉప్పునీటి గాయం ప్రమాదం.

కట్టిన పీతల్ని వెదురు గంపలో పొట్ట కిందికి, తల పైకి వచ్చేలా పేర్చి, పీత పట్టిన చోటి నీళ్లలోనే తడిపిన గోనెసంచి కప్పి నీడన పెట్టు. నేరుగా ఐసు పెడితే చస్తాయి, బోరు నీళ్ల తొట్టిలో ముంచినా చస్తాయి. తడీ, నీడా, గాలీ ఉంటే రెండు మూడు రోజులు బతుకుతాయి. రవాణాలో చచ్చినదాన్ని ఇంట్లో కూడా వండొద్దు.

కాగితాల సంగతికి వస్తాను. పడవకు రిజిస్ట్రేషను, వేటకు లైసెన్సు రెండూ వేర్వేరు. గ్రామ సచివాలయంలో మత్స్య సహాయకుడి ద్వారా పడవల రిజిస్ట్రేషను వెబ్‌సైటు రియల్‌క్రాఫ్ట్‌లో దరఖాస్తు పెట్టాలి. పడవ కట్టినవాడి ధ్రువపత్రం, ఇంజను బిల్లు, ఆధార్ ముందే తీసి ఉంచు. బిల్లు లేని పాత ఇంజను చవగ్గా వస్తుందని కొనకు, అక్కడే ఫైలు ఆగుతుంది. ఐఎన్‌డీ-ఏపీతో మొదలయ్యే నంబరు రెండు పక్కలా కనిపించాలి.

సముద్రంలోకి పోతే 1994 నాటి మన రాష్ట్ర సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం వర్తిస్తుంది. తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్లు సంప్రదాయ పడవలది, మరబోట్లు దాన్ని దాటి వేయాలి. పదిహేను మిల్లీమీటర్ల కన్నా చిన్న కన్ను వల నిషేధం. నీలి పీతకు వల కొంటే కన్ను తొంభై మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకో, మూడు పొరల డిస్కో వల జోలికి పోకు, అందులో వేలెడంత పిల్లలూ చుట్టుకుంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట బందు. ఫైబరు పడవకు ఇంజనుంటే నీకూ బందే. ఆ రోజుల భృతి 2025లో 20,000 రూపాయలు చేశారు. కాగితాలు లేనివాడికి, బందులో దొరికినవాడికి అది రాదు. జనవరి నుంచి మార్చి వరకు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వలలో పడితే వల కోసి వదిలెయ్, వల పోతే పోయింది. తాబేలును చంపినా, ఉంచుకున్నా 1972 వన్యప్రాణి చట్టం కింద పెద్ద కేసు.

సరస్సులో కట్టుబాట్లు ఇంకా బిగువు. అది పక్షుల అభయారణ్యం. ఎక్కడ వేయొచ్చో సూళ్లూరుపేట వన్యప్రాణి విభాగంలో అడిగి తెలుసుకో, రాజహంసలు మేసే చోటికి ఇంజనుతో పోకు. కాగితంలో లేని కట్టుబాటు ఇంకొకటుంది, ఊరి వంతులు. తమిళనాడు వైపు దాన్ని ‘పాడు’ అంటారు. భీములవారిపాళెం పెద్దల్ని కలిసి నీ బుట్టలు ఏ కాలవలో దించాలో ముందు అడుగు. ప్రభుత్వ లైసెన్సు చూపించి వాళ్లతో వాదించావంటే ఒక్క రాత్రిలో నీ తాళ్లన్నీ తెగి ఉంటాయి. నీటి మీద తమిళనాడు సరిహద్దు గీత కనపడదు, తెలియని వైపు పోకు. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజు సముద్రంలో ఆ మేరకు పడవలు తిరగనివ్వరు. ఊళ్లో చాటింపు విన్నాక బుట్టలు ముందురోజే తీసేయ్. లేకపోతే రెండు రోజులు ఎర లేకుండా పడి ఉంటాయి.

పడవలో మనిషికో లైఫ్ జాకెట్, టార్చి, తాడు కోసే కత్తి, తాగేనీళ్లు ఉండాలి. కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీసు 1093, ఈ రెండు నంబర్లూ పడవ లోపలి చెక్క మీద రాయి, ఫోను తడిస్తే పనికొస్తాయి.

అమ్మకం ఒక్క మాట. పెరటాసి అనే తమిళ నెల శనివారాలకు, కార్తీకానికి తిరుపతి, చిత్తూరు హోటళ్లు కొనడం తగ్గిస్తాయి, ఆ నెలల్లో వాటి మీద లెక్కలు వేసుకోకు. చైనావాళ్ల కొత్త సంవత్సరం జనవరి, ఫిబ్రవరిల్లో వస్తుంది, అప్పుడు ఎగుమతి పీతకు గిరాకీ. అడ్వాన్సు ఇస్తానన్న వ్యాపారి దగ్గర తీసుకున్నావంటే, ధర చెప్పేది వాడే.

మొదటి నెలకు పది రింగులు, పది మడత బుట్టలు చాలు. బుట్టలు తెచ్చాక నీళ్లలో దించకముందే తడకు తీసుకురా, నూలు దారం కుట్టు ఎలా వేయాలో చూపిస్తాను. దారం తిరుపతి బజార్లోనే కొను, ఇక్కడ దొరికేదంతా నైలాను.

మామయ్య