నెలనెలా కట్టే సాఫ్ట్‌వేర్ కొనాలా?

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ కెమెరా కొన్నానండి. పైడితల్లి సిరిమానోత్సవం ఫొటోల్లో ఆకాశం బాగానే ఉంది కానీ జనం ముఖాలు నల్లగా వచ్చాయి. నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ తీసుకోమంటున్నారు. తీసుకోనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: అప్పుడే వద్దండి. ఫొటోలు సరిదిద్దే డార్క్‌టేబుల్, రాథెరపీ సాఫ్ట్‌వేర్లు రెండూ పూర్తిగా ఉచితం, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తాయి. డార్క్‌టేబుల్ తెరవగానే అన్ని బటన్లు చూసి కంగారు పుడుతుంది (నాకూ పుట్టింది), అందుకే మొదటి వారం ఎక్స్‌పోజర్ (ఫొటో మొత్తం వెలుతురు), ‘షాడోస్ అండ్ హైలైట్స్’ (చీకటి, వెలుగు భాగాలను విడివిడిగా సరిచేసేది) తప్ప ఇంకేదీ ముట్టుకోకండి, మీ నల్ల ముఖాల పని చాలావరకు అక్కడే తేలిపోతుంది. కాకపోతే జేపెగ్‌లో (కెమెరా కుదించి దాచే మామూలు ఫొటో ఫైలు) తీసుంటే చీకట్లో వివరాలు అంతగా మిగలవు, ఈసారి కెమెరాను ‘రా’లో (కెమెరా పట్టిన వివరాలను కుదించేయకుండా దాచే ఫైలు) పెట్టి తీయండి. ఫొటోకి అడ్డొచ్చిన కరెంటు తీగలు చెరపడానికి జింప్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, అదీ ఉచితమే. ల్యాప్‌టాప్ మరీ పాతదైతే ఫోన్‌లో స్నాప్‌సీడ్ యాప్‌తో మొదలుపెట్టేయండి.