వినేవాళ్ల పేజీ: గొప్ప ఆల్బమ్ అన్నారు, నాకేమీ అనిపించలేదు!

ప్రశ్న: మేడమ్, జాజ్‌లో ‘కైండ్ ఆఫ్ బ్లూ’ని మించింది లేదంటారు. చదువుకుంటూ పెట్టుకున్నాను. ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో కూడా తెలియలేదు. నాకు సంగీతజ్ఞానం లేకనేనా?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: కాదండీ. నేనూ సంగీతం నేర్చుకున్నదాన్ని కాదు. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ ఖాళీ దొరికినప్పుడు వినేదాన్ని. మన చెవి పల్లవి కోసం ఎదురుచూస్తుంది. ఇందులో అది రాదు. మొదట్లో చిన్న బాణీ ఒకటి వాయిస్తారు, తర్వాత వంతులవారీగా ఒక్కొక్కరు తమ మనోధర్మం చూపిస్తారు, చివర్లో మళ్లీ ఆ బాణీ. కచేరీల్లో కల్పనస్వరాలు విన్నవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు.

1959 మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండంటే రెండే రోజుల్లో న్యూయార్క్‌లో దీన్ని రికార్డు చేశారు. అప్పటి జాజ్‌లో కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు, గబగబా మారిపోతుండేవి. వాటి వెంట పరుగెత్తడంలోనే వాద్యకారుడి గొప్పతనం ఉండేది. ఈ ఆల్బమ్ చేసిన ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆ పరుగు ఆపేశాడు. కొన్ని స్వరాలు ఇచ్చి, వాటి మీదే నిలబడి ఆలోచించమన్నాడు. మొదటి ట్రాక్ ‘సో వాట్’లో ఉన్నవి మన ఖరహరప్రియ స్వరాలే. పదహారు బార్లు (ఒక్కోటి నాలుగు లెక్కలు) అక్కడే తిరిగి, ఎనిమిది బార్లు మొత్తంగా అర స్వరం పైకి జరిగి, ఇంకో ఎనిమిదికి మళ్లీ కిందికి వస్తారు. గమకాలుండవు కాబట్టి త్యాగరాజస్వామి ఖరహరప్రియ కోసం వెతక్కండి. ఆ పైకి జరిగే చోటు మాత్రం పట్టుకోండి. అది ఒక్కసారి చెవికి దొరికితే తర్వాత ఎక్కడున్నారో మీకే తెలుస్తుంటుంది. మైల్స్ సోలో అందుకునేటప్పుడు డ్రమ్మర్ జిమ్మీ కాబ్ కొట్టే సింబల్ దెబ్బ కూడా వదలకండి.

నాకు ప్రాణం మూడో ట్రాక్, ‘బ్లూ ఇన్ గ్రీన్’. బిల్ ఎవాన్స్ పియానో, మ్యూట్ (మోత తగ్గించే మూత) బిగించిన ట్రంపెట్. దిగులు ఇంత మర్యాదగా ఉండగలదని అది విన్నాకే తెలిసింది. రెండో ట్రాక్‌ని నేను పెద్దగా పట్టించుకోను.

ఇంకో విషయం. మార్చిలో టేపు మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగిందట. దాంతో మామూలు వేగంతో వాయిస్తే ఆ రోజు తీసిన మూడు ట్రాకులూ రికార్డు మీద కొంచెం పై శ్రుతిలో వినిపించేవి. 1992లో గానీ సరిచేయలేదు. ఎవరింట్లోనైనా పాత ఎల్పీ ఉండి, శ్రుతిపెట్టెతో కలవకపోతే లోపం మీ చెవిది కాదు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ పెడతాడు. గడియారాల మోత, డబ్బుల చప్పుడు, ఎవరో ఆడమనిషి ఏడుపు. ఇవి పాటలా?
– గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: ఆ ఏడుపు గురించే ముందు చెప్తాను. ఆమె పేరు క్లేర్ టోరీ. 1973లో, ఈ ఆల్బమ్ చేసిన రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వాళ్లు లండన్ ఆబీ రోడ్ స్టూడియోకి పిలిచి, మాటలు వద్దు, గొంతుతోనే పాడమన్నారు. ఆమె ఆ గొంతును వాద్యం చేసేసింది. ఇచ్చింది 30 పౌండ్లు. రికార్డు కోట్లలో అమ్ముడైనా ఆ ట్రాక్ రచయితల్లో ఆమె పేరు లేదు. 2004లో కోర్టుకెళ్లింది, మరుసటి ఏడాది రాజీ కుదిరి పేరు చేరింది. ముప్పై ఏళ్లు ఆలస్యమైనా న్యాయం జరిగిందని నాకు చాలా సంతోషం. ఈసారి అది వచ్చినప్పుడు చేతిలో పని పక్కన పెట్టి వినండి.

ఇక డబ్బుల చప్పుడు. ‘మనీ’ పాట ఏడు లెక్కలో నడుస్తుంది. ‘తకిట తకధిమి’ అనుకుంటూ వేళ్లతో లెక్కపెట్టి చూడండి, మిశ్రచాపు మీకే తగులుతుంది. ఆ చిల్లర, క్యాష్ మెషీన్ చప్పుళ్లు కూడా టేపు ముక్కలు కత్తిరించి ఆ ఏడులోనే కూర్చినవి. గిటార్ సోలో దగ్గర మాత్రం నాలుగులోకి మారిపోతారు. మారింది ఎక్కడో మీ అబ్బాయిని అడగండి.

ప్రశ్న: ఆల్బమ్ మొత్తం వరసగా వినాల్సిందేనా? నచ్చిన పాట వింటే సరిపోదా?
– ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మొదటిసారికి మాత్రం వరసగానే వినండి, షఫుల్ ఆపేసి. ఎల్పీకి ఒక్కో వైపు ఇరవై నిమిషాలు, కాస్త అటూ ఇటూ. ఏ పాట తర్వాత ఏది రావాలన్నది వాళ్లు ఎంతో ఆలోచించి పెట్టుకున్నదే. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగేలోపు పైన చెప్పిన రెండింటిలో ఏదైనా పూర్తవుతుంది. నేను వినేది అక్కడే.

ప్రశ్న: భాష రాకుండా ఆల్బమ్ ఆస్వాదించగలమా అక్కా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

జవాబు: ‘బ్యూనా విస్టా సోషల్ క్లబ్’ వినండి, స్పానిష్ రాకపోయినా. 1996లో హవానాలో ఆఫ్రికా, క్యూబా వాద్యకారులను కలిపి వాయించాలనుకున్నారు. ఆఫ్రికాలోని మాలి దేశం నుంచి రావాల్సినవాళ్లు రాలేకపోయారు. అప్పుడు క్యూబాలో మరుగున పడిపోయిన పెద్దవాళ్లను వెతికి పిలిచారు. గాయకుడు కంపాయ్ సెగుండోకి అప్పటికే ఎనభై ఎనిమిదేళ్లు. రూబెన్ గొంజాలెజ్‌కి ఇంట్లో పియానో కూడా లేదు. ఆ వేళ్లు వినండి, ఎంత ఆకలిగా కదులుతాయో! పాడటం మానేసిన ఇబ్రహీం ఫెర్రెర్ ‘డోస్ గార్డీనియాస్’ అందుకుంటే నాకు కళ్లు తడుస్తాయి. అర్థం తర్వాత చదివాను: నీకు రెండు పువ్వులిస్తున్నాను, అవి వాడిపోతే నీ ప్రేమ మారిందని వాటికి తెలిసిపోయినట్టే. గొంతు అప్పటికే సగం చెప్పేసింది.

ప్రశ్న: అందరూ మెచ్చినా మీకు నచ్చనిది?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: నచ్చనిదని కాదు మాస్టారూ, బీటిల్స్ ‘సార్జంట్ పెప్పర్స్’ మీద గౌరవమే గానీ మమకారం లేదు. అంతకు ముందు ఏడాది, 1966లో వచ్చిన ‘రివాల్వర్’ నాకు ఎక్కువ. దాని ఆఖరి పాట తంబురా మోగుతూనే ఉన్నట్టు దాదాపు ఒకే కార్డ్ మీద సాగుతుంది. మీరు అక్కడి నుంచే మొదలుపెట్టండి.