ధ్రువ సముద్రంలో ఎంత మంచు పుడుతోందో ఉపగ్రహం ఎలా చెబుతుంది?

ప్రశ్న: చలికాలమంతా చీకటి, పైన మబ్బులు. మరి అంటార్కిటికా సముద్రంలో కొత్తగా ఎంత మంచు గడ్డకడుతోందో ఉపగ్రహాలు ఎలా లెక్కిస్తాయి?

నిజానికి ఉపగ్రహం మంచు పుట్టుకను నేరుగా కొలవదు. సముద్రం ఎంత వేడి పోగొట్టుకుంటోందో తెలిస్తే, మంచు లెక్క తేలిపోతుంది.

ముందు ఎక్కడ చూడాలో చెప్తాను. ఖండం మీదినుంచి వీచే గాలి, తీరంలో పుట్టిన మంచును పుట్టినట్టే సముద్రంలోకి నెట్టేస్తుంది. అలా ఖాళీ అయిన నీటిని పాలీన్యా అంటారు. అంటార్కిటికా తీరంలోని రాస్ సముద్రం, కేప్ డార్న్‌లీ దగ్గరవి పేరున్న మంచు కార్ఖానాలు.

2012లో జపాన్ పంపిన షిజుకు ఉపగ్రహం లాంటివి సముద్రం సహజంగా వెలువరించే మైక్రోవేవ్‌లను పట్టుకుంటాయి. వీటికి వెలుతురు అక్కర్లేదు, మబ్బులూ పెద్దగా అడ్డురావు. ఈ తరంగాల్లో నిలువుగా ఊగేవి, అడ్డంగా ఊగేవి ఉంటాయి (ఈ ఊగే దిశనే ధ్రువణం అంటారు); ఆ రెండింటి బలంలో తేడా పల్చని మంచులో ఎక్కువ, మందం పెరిగేకొద్దీ తక్కువ. దీన్నిబట్టి సుమారు 20 సెంటీమీటర్ల వరకు మందం అంచనా కడతారు. దానికి గాలి వేగం, ఉష్ణోగ్రత కలిపితే వేడి నష్టం వస్తుంది.

ఉదాహరణకు, చదరపు మీటరుకు 300 వాట్ల చొప్పున ఒక రోజంతా వేడి పోతే, దాదాపు 10 సెంటీమీటర్ల మంచు. ఒక్క రోజులో జానెడులో సగం! నీరు అప్పటికే గడ్డకట్టే స్థాయిలో, అంటే సుమారు మైనస్ 1.9 డిగ్రీల దగ్గర ఉందనే ఊహ మీద ఈ లెక్క నడుస్తుంది. అడుగునుంచి కాస్త వెచ్చని నీరు పైకొస్తే అంచనా అసలుకంటే ఎక్కువ చూపిస్తుంది. నా దృష్టిలో ఈ పద్ధతికి పెద్ద బలహీనత ఇదే.

ఇంత శ్రమ ఎందుకంటే, మంచు కట్టేటప్పుడు ఉప్పు బయటికొచ్చి నీరు బరువెక్కుతుంది. ఆ నీరే అట్టడుగుకు దిగి, ప్రపంచ సముద్రాల అడుగున పాకుతుంది.