హైబ్రిడ్ ఆంప్ కొనేముందు గది సంగతి చూడండి

86 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత శబ్దం వస్తుందో చెప్పే కొలత) ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు 50 వాట్ల సాలిడ్ స్టేట్ ఆంప్ (ట్రాన్సిస్టర్లతో పనిచేసే యాంప్లిఫయర్) పెట్టారు, వాల్యూమ్ పెంచితే పాట చెవిలో గుచ్చుకుంటోంది, వాక్యూమ్ ట్యూబ్, ట్రాన్సిస్టర్లు రెండూ ఉండే హైబ్రిడ్‌కి మారితే తగ్గుతుందా అని అడిగారు కదండీ. దానికోసమే అయితే ఇప్పుడే మారకండి. చాలా హైబ్రిడ్లలో ట్యూబ్ ఉండేది ప్రీఆంప్ దశలోనే (సిగ్నల్‌ని మొదట సిద్ధం చేసే చోట), స్పీకర్‌ని నడిపేది ట్రాన్సిస్టర్లే. ట్యూబ్ కలిపే సెకండ్ హార్మోనిక్‌తో (అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ ఉన్న ధ్వనితో) గొంతుకి కాస్త నిండుదనం రావచ్చు, అదీ సర్క్యూట్‌ని బట్టి. టైల్స్ నేల, ఖాళీ గోడలు అన్నారు, శబ్దం వాటికి తగిలి తిరిగొస్తుంది కాబట్టి నా అనుమానమంతా వాటిమీదే. స్పీకర్లకీ మీకూ మధ్య మందపాటి తివాచీ పరిచి, పక్క గోడలకు బరువైన కర్టెన్లు వేసి ఒక వారం వినండి. 100 వాట్ల ఆంప్ తెచ్చినా పెరిగేది 3 డెసిబెల్సే, అంటే శబ్దం కాస్త పెరుగుతుందంతే. అప్పటికీ హైబ్రిడ్ మీదే మనసుంటే, 12ఏఎక్స్7 లాంటి తేలిగ్గా దొరికే ట్యూబ్, సాకెట్‌లోంచి తీసి మార్చుకునేలా ఉన్నది తీసుకోండి.