పందుల డాక్టర్ జవాబులు: బేరగాడి ఆటో ఎక్కించే ముందు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పందుల గురించే. చోటు చాలక కొన్నింటిని కుదించాను. రాసినవారి పేర్లు వేయడం లేదు. పందులు పెంచుతున్నామని నలుగురిలో చెప్పుకోవడానికి ఇంకా జంకే ఊళ్లు ఉన్నాయని నాకు తెలుసు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాకు 46 యార్క్‌షైర్ పందులున్నాయి. టౌన్‌లో హోటళ్ల నుంచి మిగిలిన అన్నం, కూరలు తెచ్చి పెడతాం. ఆరు రోజుల్లో ఐదు పందులు పోయాయి. ముందు మేత మానేశాయి, ఒకదాని మీద ఒకటి పడి పడుకున్నాయి, లేపితే వెనక కాళ్లు తూలుతున్నాయి. చెవులు, పొట్ట కింద ఎర్రబడి తర్వాత వంకాయ రంగుకు వచ్చాయి. మా బేరగాడు మిగతావాటిని సగం రేటుకు తీసుకుపోతానంటున్నాడు. అమ్మేయమంటారా? అప్పు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (ఒక రైతు, కృష్ణా జిల్లా)

జవాబు: అమ్మొద్దు తమ్ముడూ. ఉత్తరం నా చేతికొచ్చిన రోజే మీకు ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. ఇదే అవస్థ రేపు ఎవరికైనా రావచ్చు కాబట్టి అందరి కోసం మళ్లీ రాస్తున్నాను.

మీరు చెప్పిన లక్షణాలు రెండు జబ్బులకు సరిపోతాయి. ఒకటి మనకు ఎప్పటి నుంచో ఉన్న స్వైన్ ఫీవర్. రెండోది ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. పేర్లు కలిసినా రెండూ వేరు వేరు వైరస్‌లు. మొదటిదానికి టీకా ఉంది, రెండోదానికి మన దేశంలో టీకా లేదు. కంటితో చూసి ఇది ఫలానా అని తేల్చడం ముప్పై ఏళ్లకు పైగా పందులను చూసిన నావల్ల కూడా కాదు. రక్తం తీసి ల్యాబ్‌కు పంపాలి, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనుమానమైతే ఖాయం చేసేది భోపాల్‌లోని ల్యాబ్. ఎవరైనా ఫొటో చూసి జబ్బు పేరు చెబితే నమ్మకండి.

ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మన దేశంలో మొదట 2020లో అస్సాం, అరుణాచల్‌ప్రదేశ్‌లలో బయటపడింది. 2022లో కేరళలోని వయనాడ్‌లో కనిపించింది. అది అంతంత దూరాలు పోయేది గాలిలో కాదు. జబ్బు పందిని ఎక్కించిన ఆటో, దాని మాంసం కోసిన కత్తి, మనిషి చెప్పులు, హోటల్ ఎంగిలిలో కలిసిన పంది మాంసం ముక్క, ఇవే దాని వాహనాలు. ఫ్రిజ్‌లో పెట్టిన మాంసంలో ఆ వైరస్ నెలల తరబడి బతుకుతుంది. మీ బేరగాడి ఆటో మీ షెడ్డు దగ్గర ఆగాక ఎన్ని షెడ్ల దగ్గర ఆగుతుందో ఒకసారి లెక్క వేసుకోండి. ఈ జబ్బులు రెండూ మనుషులకు రావు, ఆ భయం పెట్టుకోకండి. కానీ సగం రేటుకు అమ్మిన ఆ పందులు పది కుటుంబాల అన్నం లాగేస్తాయి.

ఇంకో విషయం మన రైతులకు ఎవరూ సరిగా చెప్పడం లేదు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఖాయమైతే చుట్టూ కిలోమీటరు దూరంలో ఉన్న పందులన్నింటినీ ప్రభుత్వమే చంపించి పూడ్పిస్తుంది. అలా చంపించినవాటికి కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరించి పరిహారం ఇస్తాయి. రోగంతో వాటంతటవే చచ్చినవాటికి ఆ డబ్బు రాదు. దాచిపెట్టిన ప్రతి రోజూ మీ జేబులోంచే పోతుంది. పైగా ఇలాంటి అంటురోగం అనుమానం వస్తే చెప్పి తీరాలని 2009 నాటి చట్టం ఉంది. దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి వెళ్లండి, లేదా 1962కు ఫోన్ చేయండి.

డాక్టర్ వచ్చేదాకా చచ్చిన పందిని కోసి చూడకండి. రక్తం నిండా వైరస్ ఉంటుంది, నేల మీద చిందితే కడగడం కష్టం. ఆరడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి, పైన మట్టి గట్టిగా కప్పండి. కాల్వలో వేయడమంటే కింద ఊళ్లకు జబ్బు పంపడమే. షెడ్డులోకి ఒక్క మనిషే వెళ్లాలి, ఆ మనిషికి అక్కడే ఉండే చెప్పుల జత వేరుగా ఉండాలి. గుమ్మంలో బ్లీచింగ్ నీళ్ల తొట్టి పెట్టండి. కానీ పేడ, బురద అంటిన చెప్పుల మీద ఆ మందు పని చేయదు, ముందు బ్రష్‌తో కడిగాకే అందులో ముంచాలి.

చెప్పుల గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో జ్వరంతో ఉన్న పందులు చూసి, అవే బూట్లతో, అదే థర్మామీటర్‌తో సైకిల్ మీద పక్క ఊరికి వెళ్లాను. అక్కడ ఒక ముసలమ్మకు ఒక తల్లి పంది, తొమ్మిది పిల్లలు. ఆ పందికి ఏ జబ్బూ లేదు, కాలికి దెబ్బ తగిలిందంతే. కట్టు కట్టి వచ్చాను. ఎనిమిదో రోజు ఆమె మనవడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నేను వెళ్లేసరికి ఆ తల్లి చెవులు నల్లబడ్డాయి, పిల్లలు దాని పొట్ట కిందకు దూరి వణుకుతున్నాయి. ఒక్కటీ మిగల్లేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, మజ్జిగ కూడా ఇచ్చింది. నా వల్లే వచ్చిందని ఏ ల్యాబూ తేల్చలేదు, తేల్చనక్కర్లేదు కూడా. ఆ రోజు నుంచి బూట్లు కడగకుండా నేను రెండో షెడ్డులో కాలు పెట్టలేదు.

ల్యాబ్ రిపోర్టు మామూలు స్వైన్ ఫీవర్ అని వస్తే, ఇక ముందు టీకా తప్పించకండి. టీకా వేసిన తల్లులకు పుట్టిన పిల్లలకు రెండు నెలల వయసులో వేయించాలి. అంతకంటే ముందు వేస్తే ముర్రుపాలతో వచ్చిన రక్షణే టీకాను పని చేయనివ్వదు. తర్వాత ఏడాదికోసారి. జ్వరం మొదలయ్యాక టీకా వేసినా ఆ పందిని అది కాపాడలేదు. పైగా అదే సూదితో పక్కదానికి పొడిస్తే జబ్బును మనమే ఎక్కించినట్టు. పందికో సూది వాడమని అడగండి, అది అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

హోటల్ అన్నం మానేయమని చెప్పడం నాకు తేలికే, దాణా రేటు కట్టేది మీరు. మానలేకపోతే గంటసేపు కలుపుతూ కుతకుతా ఉడికించండి. పచ్చిది వచ్చే బకెట్టు, ఉడికింది తీసుకెళ్లే బకెట్టు వేరు వేరుగా ఉండాలి. ఆ బకెట్లు మారిపోవడం నేను చాలా షెడ్లలో చూశాను. కొత్తగా కొన్న పందులను 30 రోజులు విడిగా కట్టేయండి.

ఇక రెండు వందలు పెట్టి ఒక థర్మామీటర్ కొనండి. దాని చివర దారం కట్టి, దారానికి క్లిప్ పెట్టండి. పంది తొట్టిలో తల పెట్టి తింటున్నప్పుడు వెనక నుంచి మెల్లగా మలద్వారంలో పెట్టి, క్లిప్‌ను తోకకు తగిలించి రెండు నిమిషాలు ఆగండి. 102 డిగ్రీల ఫారెన్‌హీట్ అటూ ఇటూ ఉంటే మామూలే. 104 దాటి, మేత కూడా మానేస్తే ఆ రోజే ఫోన్ చేయాలి. ఈ జబ్బుల్లో 105, 106 కనిపిస్తుంది. చర్మం వంకాయ రంగుకు తిరిగేదాకా ఆగితే అప్పటికే పక్క గదిలో మరో నాలుగు పందులకు అంటి ఉంటుంది.

ప్రశ్న: మా పంది పదకొండు పిల్లలను ఈనింది. రెండు వారాలు చక్కగా ఉన్నాయి. మూడో వారంలో బాగా బలిసిన పిల్లలే ఉన్నట్టుండి చచ్చిపోతున్నాయి. పారుడు లేదు, జ్వరం లేదు. దిష్టి తగిలిందని మా అత్తగారు అంటున్నారు. (ఒక గృహిణి, ఏలూరు జిల్లా)

జవాబు: అమ్మా, ఒక పిల్లను ఎత్తుకుని ఎండకు ఎదురుగా దాని చెవిని చూడండి. రక్తం ఉన్న పిల్ల చెవి గులాబీ రంగులో వెలుగుతుంది. మీ పిల్లల చెవులు తెల్ల కాగితంలా ఉంటాయని నా అనుమానం. పరుగెత్తిస్తే డొక్కలు ఎగరేస్తూ రొప్పుతాయి. అది ఇనుము తక్కువై వచ్చే రక్తహీనత.

పంది పిల్లకు రోజుకు సుమారు 7 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, తల్లి పాలలో దొరికేది ఒక మిల్లీగ్రాము. పుట్టుకతో తెచ్చుకున్నది కొద్ది రోజులకే అయిపోతుంది. ఎక్కువ పాలు తాగి తొందరగా పెరిగే పిల్లకే ముందు కరువొస్తుంది, అందుకే బలిసినవి పోతున్నాయి. మన ఊరపందులకు ఈ జబ్బు ఎందుకు లేదంటే వాటి పిల్లలు పుట్టిన మర్నాటి నుంచే మట్టి తవ్వి తింటాయి. మనం సిమెంటు నేల వేసి శుభ్రం చేశాం, దాంతో ఆ దారి మూసుకుపోయింది.

మూడో రోజున ఐరన్ డెక్స్‌ట్రాన్ ఇంజెక్షన్, 200 మిల్లీగ్రాములు, మెడ కండలో వేయాలి. కొందరు డాక్టర్లు 100 చొప్పున మూడో రోజు, పద్నాలుగో రోజు వేస్తారు, అదీ సరే. తొడలో వేయించకండి, మాంసం మీద మచ్చ పడుతుంది. ఇప్పుడున్న పిల్లలకు ఈరోజే వేయించండి. మందు దొరికేదాకా పందులు తిరగని చోటి నుంచి ఎర్రమట్టి బెడ్డలు తెచ్చి గదిలో మూల పెట్టండి.

ఇంకో మాట. మొదటి వారం పిల్లలకు 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం కావాలి. బల్బు ఎంత ఎత్తున కట్టాలో కొలవనక్కర్లేదు, అవి ఎలా పడుకున్నాయో చూడండి. ఒకదాని మీదకొకటి ఎక్కితే చలి, బల్బుకు దూరంగా చెదిరి పడుకుంటే ఉడుకు, పక్కపక్కన చాప పరిచినట్టు పడుకుంటే సరిగ్గా ఉన్నట్టు. అత్తగారి మనసు నొప్పించకండి, దిష్టి కూడా తీయనివ్వండి, కానీ ఇంజెక్షన్ తర్వాత.

ప్రశ్న: పందులు గోడకు రాసుకుని రాసుకుని పుళ్లు చేసుకుంటున్నాయి. మెకానిక్ షాపు నుంచి కాలిన ఇంజన్ ఆయిల్ తెచ్చి పూయమంటున్నారు. నా చేతుల మీదా దురద మొదలైంది. (తెనాలి)

జవాబు: ఆయిల్ వద్దు, చర్మం ద్వారా ఒంట్లోకి ఇంకుతుంది. ఇది గజ్జి. చెవి లోపల గీకి చూస్తే గోధుమరంగు పొక్కులు రాలతాయి, గజ్జి పురుగుల అసలు స్థావరం అదే. ఐవర్‌మెక్టిన్ ఒక శాతం ఇంజెక్షన్ 33 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు చొప్పున చర్మం కిందకు, మళ్లీ 14 రోజులకు ఇంకోసారి. డాక్టర్‌తోనే వేయించండి. షెడ్డులోని అన్నింటికీ ఒకే రోజు వేయాలి, మగపందిని వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. ఏలిక పాములు కూడా దీంతోనే పడిపోతాయి. ఇంజెక్షన్ వేశాక ఎన్ని రోజులు ఆగి కోయాలో సీసా మీద రాసి ఉంటుంది, అన్ని రోజులు దాటేదాకా కోతకు అమ్మకండి. మీ దురద పందులకు నయమైతే దానంతటదే తగ్గాలి, తగ్గకపోతే చర్మం డాక్టర్‌కు చూపించుకోండి.

ప్రశ్న: మా పందులవల్ల పిల్లలకు మెదడువాపు వస్తుందని ఊళ్లో గొడవ పెడుతున్నారు. షెడ్డు ఇళ్ల మధ్యే ఉంది, వెనకే వరి చేలు. ఈ మధ్య ఒక పంది నల్లగా ఎండిపోయిన పిల్లలను వేసింది. (నల్గొండ జిల్లా)

జవాబు: ఊరివాళ్ల భయాన్ని కొట్టిపారేయలేను. 1999లో మన దగ్గర మెదడువాపు వచ్చినప్పుడు పిల్లలను పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. పందిని తాకితేనో, మాంసం తింటేనో ఆ జబ్బు రాదు. వరి మడుల్లో పెరిగే క్యూలెక్స్ దోమ కొంగల నుంచి, పందుల నుంచి వైరస్‌ను తెచ్చి మనిషికి ఎక్కిస్తుంది. పంది ఒంట్లో ఆ వైరస్ విపరీతంగా పెరుగుతుంది, అయినా పంది మామూలుగానే తిరుగుతుంది. చూలు పంది మాత్రం చచ్చిన పిల్లలను, ఎండిపోయిన పిల్లలను వేస్తుంది. పార్వో వైరస్‌తోనూ అలాగే జరుగుతుంది కాబట్టి పరీక్ష చేయించాలి. ఆ పిల్లలను ఒట్టి చేతులతో ముట్టుకోకండి.

నా మాట నిష్ఠూరంగా ఉంటుందేమో గానీ, షెడ్డును ఇళ్ల మధ్య నుంచి కదపండి. కదిపేదాకా పొద్దుగూకక ముందే షెడ్డు చుట్టూ దోమతెరలు దించండి, మురుగు నిలవనీయకండి. మెదడువాపు టీకా అమలులో ఉన్న జిల్లాల్లో మన పసిపిల్లలకు 9 నెలలకు ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది ఉచితంగా వేస్తారు. ఊరి పెద్దలతో మాట్లాడేటప్పుడు ఆశా కార్యకర్తను వెంటపెట్టుకు వెళ్లండి. ఎవరింట్లో ఏ బిడ్డకు డోసు మిగిలిపోయిందో ఆమెకు తెలుస్తుంది.

ప్రశ్న: కోసిన పంది మాంసంలో బియ్యపు గింజల్లాంటివి కనిపించాయి. కడిగి వండుకోవచ్చా? (కరీంనగర్)

జవాబు: వద్దు, లోతుగా పూడ్చేయండి, కుక్కలకు కూడా వేయకండి. అవి బద్దె పురుగు తిత్తులు. ఆ పంది ఎక్కడో మనిషి మలం తిన్నది, అంటే పురుగు ఉన్న మనిషి ఆ చుట్టుపక్కలే ఉన్నాడు. అతడి చేతి నుంచి, ఆకుకూరల మీద నుంచి ఆ పురుగు గుడ్లు మనిషి నోట్లోకి వెళ్తే మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు వస్తాయి. ఆ పందిని పెంచినవారి ఇంట్లో, పక్క ఇళ్లలో ఎవరికైనా కొత్తగా మూర్ఛలు వస్తున్నాయేమో కనుక్కోండి. ఉంటే ఈ మాంసం సంగతి వాళ్ల డాక్టర్‌కు చెప్పమనండి.