డబ్బాల లెక్క గోడౌన్‌లోనే మొదలుపెట్టు

అమ్మలూ,

నూనె మిల్లులో చేరి నెల తిరగకముందే "ఖాళీ డబ్బాలు ఎన్నేసి తెప్పించాలో లెక్కల మోడల్ కట్టి చూపించు" అన్నారని టెన్షన్ పడుతున్నావట, మీ నాన్న చెప్పాడు. కంప్యూటర్ అప్పుడే తెరవకు. కాగితం తీసుకుని, మన నిర్ణయంతో ఏ ఖర్చు మారుతుందో, ఏది మారదో విడివిడిగా రాసుకో. సగం పని అదే.

నేను కొత్తలో ఇక్కడే దెబ్బతిన్నాను. ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో నిల్వ ఖర్చు లెక్కేస్తూ వాచ్‌మన్ జీతం కూడా కలిపేశాను. నిల్వ ఖరీదుగా కనిపించింది, సరుకు కొంచెం కొంచెంగా తెప్పించమన్నాను, లారీ కిరాయిలు పెరిగాయి, జీతం మాత్రం పైసా తగ్గలేదు. సరుకు ఉన్నా లేకున్నా ఆయనకు ఇచ్చేది అంతే కదా!

మీ మిల్లు సంగతే చూద్దాం. ఏడాదికి 7200 డబ్బాలు కావాలనుకో. లారీ కిరాయి, హమాలీ కలిపి ట్రిప్పుకు 2000. డబ్బా ధర 100, అందులో ఇరుక్కున్న డబ్బుకు నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున ఏడాదికి 18, సొట్టలకూ తుప్పుకూ ఇంకో 2, మొత్తం 20, ఇదే ఒక డబ్బాకు ఏడాది నిల్వ ఖర్చు. 1913లో ఫోర్డ్ హారిస్ అనే అమెరికా ఇంజనీరు ఇచ్చిన సూత్రం ఒకటుంది: ఏడాది అవసరాన్ని ట్రిప్పు ఖర్చుతో గుణించి, రెట్టింపు చేసి, నిల్వ ఖర్చుతో భాగించి వర్గమూలం తీయాలి. 1200 వస్తుంది, అంటే ట్రిప్పుకు అన్ని డబ్బాలు తెప్పించాలి. ఆరు ట్రిప్పులకు 12000, వచ్చిన 1200 రోజూ కొన్ని ఖర్చవుతూ సున్నాకు దిగుతాయి, గోడౌన్‌లో సగటున అందులో సగం, 600 ఉంటాయి కాబట్టి నిల్వకు మరో 12000. మొత్తం 24000.

ఇంతలో డ్రైవరు వచ్చి "లారీలో 900 మించి పట్టవు మేడమ్" అంటాడు. అప్పుడు ఎనిమిది ట్రిప్పులకు 16000, నిల్వకు 9000, అంటే 25000. పెరిగింది ఏడాదికి వెయ్యే! ఈ సూత్రంలో నాకు బాగా నచ్చేది ఇదే, అంచనా కాస్త అటూ ఇటూ అయినా ఖర్చు పెద్దగా కదలదు, అందుకని వడ్డీ రూపాయిన్నరా, రెండా అని రాత్రుళ్లు బుర్ర పాడుచేసుకోకు.

జాగ్రత్త పడాల్సింది వేరే చోట. డబ్బాలు రోజూ ఒకేలా ఖర్చవుతాయని ఈ సూత్రం నమ్ముతుంది. దసరా, సంక్రాంతి ముందు అమ్మకం ఎలా ఉంటుందో పాత బిల్లు పుస్తకాలు తిరగెయ్యి. ఆ నెలల్లో బాగా పెరుగుతుంటే వాటికి విడిగా లెక్క వెయ్యాలి. ఆర్డరు ఇచ్చాక సరుకు ఎన్నాళ్లకు వస్తుందో గోడౌన్ గుమాస్తాని అడుగు, ఆయన చెప్పే మాట ఏ పుస్తకంలోనూ ఉండదు. డబ్బాల్లేక నూనె నింపడం ఆగిందంటే పోయే డబ్బు ముందు ఈ వెయ్యి ఒక లెక్కే కాదు.

అంకెలు దొరికాక కాగితం ఫోటో తీసి పంపు. ఆదివారం ఫోన్లో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెదనాన్న